12 రంగుల వాటర్ సార్ట్ లెవెల్లో ఇరుక్కుంటే పైన కాదు, అడుగున చూడండి

ముందు మీ మొదటి ప్రశ్నకి, అంటే ఈ లెవెల్ అసలు పూర్తిగా వస్తుందా అన్నదానికి, జవాబు: వస్తుంది. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ చూసి, 14 ట్యూబులూ నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్‌లో ఎక్కించి చూశాను, యాడ్ చూస్తే యాప్ ఇచ్చే ఎక్స్‌ట్రా ట్యూబ్ అక్కర్లేకుండానే లెవెల్ పూర్తవుతుంది. కాబట్టి "యాడ్ చూపించడానికే కట్టిన లెవెల్" అన్న మీ అనుమానం ఈ ఒక్క లెవెల్ వరకు పక్కన పెట్టేయండి.

మిగతావాళ్ళ కోసం ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. వాటర్ సార్ట్ అంటే ట్యూబుల్లో పొరలుగా కలిసిపోయిన రంగునీళ్ళని అటూ ఇటూ పోస్తూ ఒక్కో ట్యూబ్‌లో ఒక్కో రంగే ఉండేలా సర్దే ఫోన్ గేమ్; ఏదైనా పోయాలంటే అవతల ట్యూబ్ ఖాళీగా ఉండాలి, లేదా చోటుండి పైన అదే రంగుండాలి. మలక్‌పేట నుంచి ఒకావిడ అడిగారు: వాటర్ సార్ట్‌లో 12 రంగులు, 14 ట్యూబులు, అందులో రెండు ఖాళీ, ఎన్నిసార్లు ఆడినా సగం దాటాక ఇరుక్కుపోతోందట. పసుపు మూడు పొరలే ఉందనీ, చిలకపచ్చ ఐదు ఉందనీ, యాప్‌లోనే తప్పుందనీ ఆవిడ ఫిర్యాదు. కింది రంగులు దాచేసి వాటి చోట ప్రశ్నార్థకం గుర్తులుండే లెవెల్స్ సంగతి కూడా అడిగారు. ఆఖర్న వాళ్ళ అత్తగారు ఇదే ఆటని నీళ్ళ బదులు రంగు బంతులతో ఆడే బంతుల గేమ్ ఆడతారనీ, అది తేలిక కాబట్టే ఆవిడ ముందుకెళ్ళిపోతున్నారనీ ఓ మాట. ఈ ఆఖరిదాని గురించి చివర్లో చెప్తాను, ఇంట్లో గొడవయ్యే విషయం కదా.

పసుపు, చిలకపచ్చ సంగతి ముందు తేల్చేద్దాం. మీ స్క్రీన్‌షాట్‌లో నాకు పసుపు నాలుగే కనిపిస్తోంది, చిలకపచ్చ కూడా నాలుగే. రాత్రిపూట ఫోన్‌లో నైట్ లైట్ ఆన్ అయి ఉంటుంది, స్క్రీన్ పచ్చబడి ఈ రెండూ ఒకటిలా కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్‌లో ఆ పసుపు ఛాయ పడదు, అందుకే మీకు కనిపించింది ఒకటి, నాకు కనిపించింది ఇంకొకటి. సెట్టింగ్స్‌లో అది ఆపేయండి. చాలా యాప్‌లలో రంగు మీద గుర్తులు వేసి చూపించే ఆప్షన్ కూడా ఉంటుంది, రంగులు సరిగ్గా ఆనని వాళ్ళకోసం పెట్టింది, కానీ ఎవరికైనా పనికొస్తుంది. అసలు ఏ లెవెల్ మొదలుపెట్టినా ఒకసారి ఇలా లెక్కపెట్టుకోండి. ట్యూబ్‌కి నాలుగు పొరలైతే ప్రతి రంగూ నాలుగే ఉండాలి. మూడు, ఐదు వచ్చిందంటే ఏవో రెండు రంగులు మీ కంటికి కలిసిపోయాయన్నమాట. లెక్క తప్పి ఆడితే ఎంత తెలివైనవాళ్ళైనా ఆఖర్న ఇరుక్కోవాల్సిందే.

ఇక అసలు విషయం. దాదాపు అందరూ ఆడే పద్ధతి ఏంటంటే, పైన ఒకే రంగు రెండుచోట్ల కనిపిస్తే కలిపేయడం, అలా కలపడానికి ఏమీ దొరక్కపోతే ఏదో ఒకటి తీసి ఖాళీ ట్యూబ్‌లో పోయడం. ఆరేడు రంగులదాకా ఇది నడుస్తుంది, ఎందుకంటే ఆ లెవెల్స్‌లో ఎటు పోయినా దారి దొరుకుతుంది. పది రంగులు దాటాక నడవదు. అక్కడ గేమంతా ఒక్కదాని మీదే తిరుగుతుంది: ఖాళీ ట్యూబ్. దాన్ని ఇంట్లో జమాఖర్చులా చూడండి. ఖాళీ ట్యూబ్‌లో ఏదైనా పోస్తే ఖర్చు, ఏదైనా ట్యూబ్ పూర్తిగా ఖాళీ అయితే జమ. చేతిలో ఉన్నది రెండే. ఏ రంగు మీద ఖర్చు పెడుతున్నాం, మళ్ళీ జమ ఎక్కడ్నుంచి వస్తుంది, ఈ రెండూ ముందే తెలిస్తే కష్టమైన లెవెల్ సగం అయిపోయినట్టే. అది తెలుసుకోవడానికి చూడాల్సింది పైపొరలు కాదు, అడుగు పొరలు.

ఎందుకంటే, 12 రంగులు, నిండిన ట్యూబులు 12, కాబట్టి అడుగులు కూడా 12. ప్రతి రంగుకీ సరిగ్గా ఒక్కో అడుగు దక్కితే ఏ రంగైనా తన అడుగు మీదే పేరుకుంటుంది, కొత్త ట్యూబ్ అక్కర్లేదు. కానీ అలా ఎప్పుడూ ఉండదు. కొన్ని రంగులు రెండు మూడు ట్యూబుల అడుగున ఉంటాయి, కొన్ని ఎక్కడా అడుగున ఉండవు. అడుగున ఎక్కడా లేని రంగుకి ఎప్పటికైనా ఒక ఖాళీ ట్యూబ్ ఇవ్వాల్సిందే, తప్పించుకునే మార్గం లేదు. అడుగున రెండుచోట్ల ఉన్న రంగు ఎప్పటికైనా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది, అప్పుడొక ట్యూబ్ ఖాళీ అవుతుంది. మొదటిది ఖర్చు, రెండోది జమ. ట్యూబులూ రంగులూ సమానం కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ సరిగ్గా సరిపోతాయి. ఇది నమ్మకం కాదు, లెక్క.

మీ లెవెల్ చూద్దాం. అడుగున ఆరెంజ్ మూడు ట్యూబుల్లో ఉంది, లేత నీలం రెండింట్లో ఉంది, ఇంకో ఏడు రంగులు ఒక్కోచోట ఉన్నాయి. మూడు, రెండు, ఏడు, మొత్తం 12. ఎక్కడా అడుగున లేనివి మూడు: పింక్, గ్రే, చిలకపచ్చ. జమ వైపు చూస్తే ఆరెంజ్ నుంచి రెండు, లేత నీలం నుంచి ఒకటి, మొత్తం మూడు. సరిపోయింది కదా.

ఇప్పుడు మీరు రాసిన మొదటి మూవ్ చూడండి: పైన కనిపించిన ఆరెంజ్‌ని తీసి ఖాళీ ట్యూబ్‌లో వేశారు. ఆరెంజ్ మొత్తం నాలుగు పొరలు, అందులో మూడు మూడు ట్యూబుల అట్టడుగున ఉన్నాయి. అంటే ఆ ఒక్క పొర కోసం ఒక ట్యూబ్ మొత్తం కేటాయించారు, దాని పక్కకి ఇంకో ఆరెంజ్ రావాలంటే ఏదో ఒక ట్యూబ్ పైన మూడు పొరలూ ఖాళీ చేయాలి. అప్పటిదాకా ఆ ట్యూబ్ మీకు ఎందుకూ పనికిరాదు. మిగిలిన ఒక్క ఖాళీతో 12 రంగుల లెవెల్ లాగడమంటే కష్టమే, మీరు సగం దాకా వచ్చారంటేనే బాగా ఆడారు.

బదులుగా ఇలా మొదలుపెట్టండి. మూడు ఆరెంజ్ అడుగుల్లో ఒకదాని మీద పైనుంచి వరసగా పింక్, పింక్, గ్రే ఉన్నాయి. మూడూ అడుగు లేని రంగులే. పింక్ రెండూ ఒక్క పోతలో మొదటి ఖాళీలోకి, గ్రే రెండో ఖాళీలోకి. చేతిలో రెండూ ఖర్చయిపోయాయని భయపడకండి, ఆ రెండు రంగులకీ ఎప్పటికైనా ఇవ్వాల్సిన ట్యూబులే కదా, ముందే ఇచ్చేశాం, అంతే. ఇప్పుడు ఆ ట్యూబ్‌లో ఆరెంజ్ ఒక్కటే మిగిలింది, మీరు తొందరపడి ఖాళీలో వేసిన ఆ పైన ఉన్న ఆరెంజ్ వచ్చి దీనిమీద కూర్చుంటుంది. పక్క ట్యూబ్ పైన ఉన్న మూడో పింక్ కూడా పింక్ ట్యూబ్‌లోకి పోతుంది. ఇక రెండో ఆరెంజ్ అడుగుని బయటపెట్టడమే మీ పని, అది వచ్చి కలిసిన క్షణం ఒక ఖాళీ జమ అవుతుంది, దాన్ని చిలకపచ్చకి ఉంచండి. మిగతాది మీరే లాగగలరు, మొత్తం చెప్పేస్తే మజా ఉండదు.

ఇది కళ్ళకి కట్టాలంటే చిన్న ఉదాహరణ ఒకటి కాగితం మీద వేసుకోండి. మూడు రంగులు, నిండిన ట్యూబులు మూడు, ఖాళీ ఒక్కటే. పైనుంచి కిందికి చెప్తున్నా. మొదటిది: ఎరుపు, నీలం, నీలం, ఆకుపచ్చ. రెండోది: ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం. మూడోది: ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. నాలుగోది ఖాళీ.

ఎవరైనా ఏం చేస్తారు? మూడో ట్యూబ్ పైన ఆకుపచ్చ తీస్తే కింద ఎరుపు బయటపడుతుంది, అప్పుడు ఎరుపులు మూడు వరసగా కనిపిస్తాయి కదా అని ఆకుపచ్చని ఖాళీలో పోస్తారు. తర్వాత మొదటి ట్యూబ్ ఎరుపుని మూడోదాని మీద వేస్తారు. అయిపోయింది, అక్కడితో లాక్. ఇప్పుడు పైన ఉన్నవి నీలం, ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఎరుపులున్న రెండు ట్యూబులూ నిండుగా ఉన్నాయి, నీలానికి జత లేదు, ఆకుపచ్చకి జత లేదు. రెండే రెండు మూవ్‌లు.

అడుగులు చూసినవాళ్ళు ఏం చేస్తారంటే, అడుగున ఆకుపచ్చ, నీలం, నీలం ఉన్నాయి, ఎరుపు ఎక్కడా లేదు, కాబట్టి ఖాళీ ట్యూబ్ ఎరుపుది. మొదటి, రెండో ట్యూబుల ఎరుపులు రెండూ నాలుగోదాంట్లోకి పోతాయి. మూడోదాని ఆకుపచ్చ రెండోదాని ఆకుపచ్చ మీదికి, దాని కింద బయటపడ్డ ఎరుపు నాలుగోదాంట్లోకి. ఇప్పుడు రెండోదాని మీద ఉన్న రెండు ఆకుపచ్చలూ తిరిగి మూడోదాంట్లోకి వస్తాయి, రెండోదాని ఎరుపు నాలుగోదాంట్లోకి వెళ్తే ఎరుపు పూర్తి. రెండోదాంట్లో నీలం ఒక్కటే మిగిలింది, మొదటిదాని రెండు నీలాలు దానిమీదికి. మొదటిదాంట్లో ఆకుపచ్చ ఒక్కటే మిగిలింది, మూడోదాని మూడు ఆకుపచ్చలు దానిమీదికి. ఆఖరి నీలం రెండోదాంట్లోకి. మొత్తం తొమ్మిది పోతలు.

తొమ్మిదికి తక్కువలో రాదు కూడా. ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్న ఒకే రంగు పొరల్ని కలిపి ఒక పట్టీ అనుకోండి. మొదట్లో ఇక్కడ 11 పట్టీలున్నాయి, చివర్లో రంగుకొకటి చొప్పున మూడే ఉండాలి. ఒక పోతకి తగ్గేది మహా అయితే ఒక్క పట్టీ. కాబట్టి ఎనిమిది పోతలు తప్పవు, మొట్టమొదటి పోత ఖాళీలోకే వెళ్ళాలి కాబట్టి ఇంకొకటి. మీ లెవెల్లో 43 పట్టీలున్నాయి, అంటే కలిపే పోతలే కనీసం 31, ఖాళీల్లోకి పోసేవి అదనం. మూవ్‌లు లెక్కపెట్టి స్టార్లు ఇచ్చే యాప్ అయితే ఈ లెక్క పనికొస్తుంది, లేకపోతే వదిలేయండి.

ఒక పట్టీని సగం మాత్రమే పోయగలిగే పరిస్థితి వస్తే, అంటే అవతల ఒక్క పొరకే చోటుంది, ఇవతల రెండున్నాయి, సాధారణంగా ఆగిపోవడమే మంచిది. పట్టీ ఏమీ తగ్గదు, కింద ఉన్నది బయటపడదు, ఉన్న చోటు మాత్రం పోతుంది. ఆ ఒక్క పొరతో అవతల ట్యూబ్‌లో రంగు పూర్తయిపోతుందనుకుంటారు కొందరు, కానీ ఇవతల రెండున్నప్పుడు అవతల మూడుండవు కదా, మొత్తం నాలుగే.

ఏ మూవ్ కళ్ళు మూసుకుని వేయొచ్చు, ఏది ఆలోచించి వేయాలి అన్నది కూడా చాలామందికి తెలీదు. ఒక ట్యూబ్‌లో ఒకే రంగు ఉండి, దాంట్లోకి అదే రంగు పట్టీ మొత్తం వెళ్తుంటే, ఇంకేం చూడకండి, పోసేయండి. దానివల్ల నష్టం రాదు. కానీ కింద వేరే రంగులున్న ట్యూబ్ మీద పోస్తున్నారంటే ఆ కింద రంగుల్ని ఇంకా లోతుకి పూడుస్తున్నారు. చిన్న ఉదాహరణలో రెండోదాని మీద ఆకుపచ్చ వేసి మళ్ళీ తీశామే, అలాంటిది తప్పు కాదు, అయితే తీసి ఎక్కడ పెడతామో వేసేముందే తెలిసి ఉండాలి. పైన రెండూ ఒకే రంగు అని కలపడం వేరు, కలిపితే ఏది బయటపడుతుందో చూసి కలపడం వేరు. ఒక చోటుకి ఇద్దరు పోటీ పడుతున్నప్పుడు, అంటే ఒకే రంగు రెండు ట్యూబుల మీదుండి అవతల ఒక్క పొరకే చోటుంటే, ఎవరి కింద ఉన్న రంగుకి వెంటనే చోటు దొరుకుతుందో వాళ్ళని పంపాలి. ఆఖరి లెవెల్స్‌లో ఇరుక్కోవడాలన్నీ ఎక్కువగా ఇక్కడే.

ఇంకోటి, ఈ గేమ్‌లో దాదాపు ఏ మూవ్‌నీ ఆడి వెనక్కి తేలేరు. నీలం మీదున్న ఎరుపుని తీసేశాక ఆ ఎరుపుని మళ్ళీ నీలం మీద పెట్టనివ్వదు కదా. అందుకే అన్‌డూ బటన్‌కి అంత గిరాకీ, కొన్ని యాప్‌లలో ఐదిచ్చి ఆపేది కూడా అందుకే. ఇరుక్కున్నాక ఒక్కటొక్కటే వెనక్కెళ్ళి అదే దారిలో మళ్ళీ రావడం వల్ల అన్‌డూలు వృథా. చివరిసారి నిజంగా రెండు దారులు ఎక్కడున్నాయో అక్కడిదాకా వెళ్ళి రెండో దారి పట్టండి. మధ్యలో వేసినవన్నీ వేరే గతిలేక వేసినవైతే వాటిని మళ్ళీ ఆలోచించక్కర్లేదు. అన్‌డూలు చాలకపోతే రీస్టార్ట్ కొట్టండి, మొదటి పది మూవ్‌లూ ఎలాగూ గుర్తుంటాయి.

రెండు ట్యూబుల మధ్య ముడి పడటం ఒకటుంటుంది: ఒకదాంట్లో నీలం మీద ఎరుపు, ఇంకోదాంట్లో ఎరుపు మీద నీలం. రెండూ ఒకదానికోసం ఒకటి ఆగుతాయి. దీన్ని విప్పాలంటే బయటి చోటు ఒకటి కావాలి, ఖాళీ ట్యూబే కానక్కర్లేదు, ఎరుపు ఒక్కటే ఉన్న ట్యూబ్ ఉన్నా చాలు. అలా ఒక్కో రంగు పొరే ఉన్న ట్యూబ్ చూడ్డానికి ఖర్చయిపోయిన ట్యూబ్‌లా ఉంటుంది గానీ, ఆ రంగు మట్టుకు దాంట్లో ఇంకా మూడు చోట్లున్నాయి. చేతిలో ఖాళీ సున్నా అయ్యే మూవ్ వేసేముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: తర్వాతి ఖాళీ ఏ ట్యూబ్? ఫలానా ట్యూబ్ అని వేలు పెట్టి చూపించగలిగితే వేయండి. "ఏదో ఒకటి వస్తుందిలే" అనిపిస్తే వేయకండి. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో కూర్చుని ఆడేవాళ్ళని భుజం మీదుగా చూస్తూ ఉంటాను, నూటికి తొంభైమంది ఇరుక్కునేది ఈ "వస్తుందిలే" దగ్గరే. (మన మెట్రో అంతా పైనే పోతుంది కాబట్టి సిగ్నల్ పోదు, యాడ్ కూడా తప్పదు, అది వేరే బాధ.)

నాలుగైదు రంగులు పూర్తయ్యాక ఇక ఈ జాగ్రత్తలు అంతగా అక్కర్లేదు, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

ప్రశ్నార్థకం లెవెల్స్‌లో ఈ లెక్క మొదట్లో పనిచేయదు, అడుగులు కనిపించవు కాబట్టి. అక్కడ మొదటి ఆటని గెలవడానికి ఆడకండి, చూడటానికి ఆడండి. చాలా యాప్‌లలో రీస్టార్ట్ కొడితే అదే అమరిక మళ్ళీ వస్తుంది. మీ యాప్‌లో వస్తుందో లేదో ఒకసారి పైపొరలు పోల్చి చూసుకోండి, వస్తే సగం పని అయిపోయింది. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని ట్యూబులు గీసి, బయటపడిన రంగు పడినట్టు రాసుకుంటూ పోవాలి. ఇరుక్కున్నా ఫర్వాలేదు, రీస్టార్ట్ కొట్టి ఈసారి వేరే ట్యూబులు తవ్వండి. అన్ని ట్యూబుల పైనా ఒక్కో పొర గీకడం కన్నా ఒక్క ట్యూబ్‌ని అడుగుదాకా తవ్వడం లాభం, మనకి కావాల్సింది అడుగే కదా. ప్రతి రంగూ నాలుగే కాబట్టి ఆఖరి కొన్ని గళ్ళు తవ్వకుండానే తెలిసిపోతాయి: ఎరుపు మూడు కనిపించాయి, మిగతావన్నీ పూర్తిగా తేలిపోయాయి, ఒక్క ప్రశ్నార్థకమే మిగిలింది, ఇంకేముంటుంది. అన్నీ తెలిశాక అది మామూలు లెవెలే, మళ్ళీ అడుగుల లెక్కతో మొదలుపెట్టండి. రీస్టార్ట్‌లో అమరిక మారిపోయే యాప్ అయితే అది అదృష్టం ఆట, దానిమీద బుర్ర పెట్టకండి, తీసేసి వేరేది వేసుకోండి. నా సలహా అదే.

ఎక్స్‌ట్రా ట్యూబ్ సంగతి. అది వాడితే తప్పేం లేదు, కానీ ఎప్పుడు వాడాలో చూడండి. కొందరు లెవెల్ మొదలవ్వగానే యాడ్ చూసి తీసుకుంటారు, అప్పుడు మూడు ఖాళీలున్నాయన్న ధైర్యంతో ఏ రంగు పడితే ఆ రంగు పోసేసి మూడూ పోగొట్టుకుంటారు. ఎక్కువ యాప్‌లలో దాన్ని ఆట మధ్యలో ఎప్పుడైనా తీసుకోవచ్చు. కాబట్టి ఇరుక్కున్నాక, ఇప్పుడొక ట్యూబ్ వస్తే ఏది పోస్తాను, దాని తర్వాత ఏది కదులుతుంది అని కనీసం రెండు మూడు మూవ్‌లు ముందుకి చూసి, అప్పుడు తీసుకోండి. ఇరుక్కున్న చోట అది కూడా సాయం చేయదని తేలితే నాలుగు అన్‌డూలు వెనక్కి వెళ్ళి చూడండి. కొన్ని యాప్‌లలో యాడ్‌కి వచ్చేది పూర్తి ట్యూబ్ కాదు, ఒక్క పొర పట్టే బుడ్డి ట్యూబ్, రెండో యాడ్ చూస్తే ఇంకో పొర పెరుగుతుంది. అది ముడి విప్పడానికి మాత్రమే పనికొస్తుంది, రంగుకి ఇల్లుగా కాదు. డబ్బులు పెట్టి కొనడం గురించి ఒక్క మాట: ఇంట్లో పిల్లలు ఫోన్ తీసుకుని ఆడతారంటే ప్లే స్టోర్‌లో కొనుగోలుకి పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి.

యాడ్ కోసమే కట్టిన లెవెల్ అన్న మీ అనుమానం మాత్రం పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. ఎలా కలిపినా లెవెల్ వస్తుందని గ్యారంటీ లేదు, అసలు రాని అమరికలు కూడా ఉంటాయి. లెవెల్స్ తయారుచేసేవాళ్ళకి రెండు దారులున్నాయి: సర్దేసిన స్థితి నుంచి వెనక్కి కదుపుతూ కలపడం, లేదా ఇష్టమొచ్చినట్టు కలిపి, ప్రోగ్రామ్‌తో ఆడించి, వచ్చేవి మాత్రమే ఉంచుకోవడం. రెండింట్లో ఏది చేసినా లెవెల్ వచ్చి తీరుతుంది. 2022లో జపాన్ పరిశోధకులు కొందరు ఈ గేమ్ మీద ఏకంగా ఒక పేపర్ రాశారు, ఒక అమరిక వస్తుందా రాదా అని తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ అని రుజువు చేశారు. అంటే ఎంత పెద్ద అమరిక ఇచ్చినా చకచకా తేల్చేసే పద్ధతి ఏదీ ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదని. ట్యూబులూ రంగులూ పెరిగేకొద్దీ కంప్యూటర్‌కీ చెమటలు పడతాయి. మీ ఫోన్‌లో వచ్చే 14 ట్యూబులు దానికి పెద్ద లెక్క కాదు లెండి.

సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళు ఇంట్లో ఉంటే, లెవెల్ వస్తుందో రాదో చూడటానికి నేను వాడిన లాంటి ప్రోగ్రామ్ ఒక ఆదివారం కూర్చుని రాసేయొచ్చు, అమీర్‌పేటలో కోర్సు చేయక్కర్లేదు. దారి పట్టుకుని వెళ్ళడం, ఇరుక్కుంటే వెనక్కి రావడం, అంతే. అయితే మూడు కోతలు పెట్టకపోతే రోజంతా తిరుగుతుంది: ఒకే రంగున్న ట్యూబ్‌ని తీసి ఖాళీలో పోయొద్దు, రెండు ఖాళీలుంటే ఏదో ఒకదాంట్లో మాత్రమే ప్రయత్నించాలి, ట్యూబుల వరస మారినా లోపలున్నవి అవే అయితే అదే స్థితిగా లెక్కవేసి మళ్ళీ చూడకూడదు. చేత్తో ఆడేటప్పుడు కూడా ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా మొదటిది. ఏమీ తోచక ఒక ట్యూబ్‌లోంచి ఇంకో ఖాళీ ట్యూబ్‌లోకి ఒకే రంగుని అటూ ఇటూ పోస్తూ కూర్చునేవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఇక మీ అత్తగారి బంతుల గేమ్. వాటర్‌లో పైనున్న ఒకే రంగంతా ఒకేసారి జారిపోతుంది, బంతులు ఒక్కొక్కటే కదులుతాయి. అందుకని బంతుల్లో ఎక్కువ స్వేచ్ఛ ఉన్నట్టు కనిపిస్తుంది, కావాలంటే పైనున్న రెండు ఎర్ర బంతుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు వేయొచ్చు కదా అని. కానీ అదే పేపర్‌లో వాళ్ళు దీన్నీ తేల్చేశారు: ఒక అమరిక నీళ్ళలో వస్తేనే బంతుల్లోనూ వస్తుంది, నీళ్ళలో రాకపోతే బంతుల్లోనూ రాదు. మూవ్‌లు లెక్కపెడితే బంతులకే ఎక్కువవుతాయి, అంతే తేడా. కాబట్టి ఆవిడ ఆడే గేమ్ తేలిక అన్న మీ వాదన నిలవదు. ఆవిడ ఖాళీ ట్యూబ్ ఎప్పుడు, దేనికి వాడుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి, అడుగులు చూసే అలవాటు ఆవిడకి ఎప్పుడో పట్టుబడి ఉంటుందని నా అనుమానం. మీ లెవెల్లో పింక్, గ్రే మూవ్‌లు వేశాక రెండో ఆరెంజ్ దగ్గర ఆగిపోతే అక్కడి స్క్రీన్‌షాట్ పెట్టండి, చూస్తాను.